సందడి ఊరా, ప్రశాంతమైన ఊరా? సముద్రం పక్కకి ఇల్లు మారాలి, ఎటూ తేలడం లేదు

ఉప్పుగాలి
మూడు నెలల్లో ఇప్పుడున్న ఇల్లు ఖాళీ చేయాలి. మా ఆయనది ఇంటి నుంచి చేసే పని. నేను ఈ మధ్యే ఉద్యోగం మానేశాను. ఎన్నాళ్లుగానో అనుకుంటున్నట్టు సముద్రం పక్కన స్థిరపడదామని నిర్ణయించుకున్నాం. వెతగ్గా వెతగ్గా రెండు ఊళ్లు మిగిలాయి. ఒకటి సందడి ఊరు. ఒడ్డు పొడవునా నడిచే దారి, పడవల రేవు, దుకాణాలు, ఆసుపత్రి, సీజన్‌లో అర్ధరాత్రి దాకా జనం. రెండోది అక్కడికి 40 కిలోమీటర్లు. ఒక లైట్‌హౌస్, పొడుగాటి ఇసుక తీరం, ఒకటే వీధి, సాయంత్రం ఏడింటికి మూసేసే ఒకటే కొట్టు.

మా ఆయన రెండోదే కావాలంటున్నారు. అక్కడ ఒడ్డున నిలబడ్డ పది నిమిషాల్లో ఆయన మొహం తేటపడటం నేనే చూశాను. నాకేమో నాలుగు రోజులకే ఊపిరాడదేమోనని భయం. అత్తయ్య మాతోనే ఉంటారు, 76 ఏళ్లు. గొడవేం లేదు, కానీ మాట మొదలైన చోటే ఆగిపోతోంది. రెండు రకాల ఊళ్లలోనూ కాపురం చేసినవాళ్లు చెప్పండి, ఏం చూసి తేల్చుకోవాలి?

లంగరు
ప్రశాంతమైన ఊరే. ఆలోచించే పనే లేదు. సందడి కావాలనిపించిన రోజు 40 కిలోమీటర్లు వెళ్లి చూసి రావచ్చు. నిద్ర కోసం రోజూ అంత దూరం వెళ్లలేరు కదా.

పిచ్చుకగూడు
లంగరు గారూ, వినడానికి బాగుంది గానీ, మొదటి రెండు నెలలు వారానికోసారి వెళ్తారు, తర్వాత నెలకోసారి, తర్వాత మానేస్తారు. మా అక్క వాళ్లింట్లో చూశాను.

నేను నాలుగేళ్లు సందడి ఊళ్లో ఉన్నాను. పాట కంటే దాని కింద కొట్టే దరువే ఎక్కువ బాధ. కిటికీ మూసినా గోడలోంచి వస్తుంది. మంచం పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్లు సన్నగా వణకడం కళ్లారా చూశాను. రాత్రిపూట ఇంటి బయట సగటు శబ్దం 40 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో సూచించింది. మా వీధి సీజన్‌లో దాని దరిదాపుల్లో కూడా ఉండేది కాదు. అయినా ఆ ఊరు వదిలినప్పుడు ఏడ్చాను. తలుపు తీస్తే ఎవరో ఒకరు పలకరించేవాళ్లు.

తెరచాప72
నాది నిశ్శబ్దం వైపు అనుభవం, తొమ్మిదేళ్లు. అలలకు 80 మీటర్ల దూరంలో ఇల్లు. అందరూ సూర్యోదయం గురించి చెబుతారు, నేను తుప్పు గురించి చెబుతాను.

చేరిన ఏడాదిలోపే వీధి తలుపు తాళం బిగుసుకుపోయింది. తాళంచెవి సగం తిరిగి ఆగేది. నూనె చుక్క వేసి, కోడి ఈకతో లోపల తడిపి, మళ్లీ తిప్పేవాణ్ని. తర్వాత కిటికీ మడతబందులు, ఆ తర్వాత ఏసీ బయటి యూనిట్. దాని వెనక రేకులు గోరుతో గీస్తే పొడిగా రాలిపోయేవి. కర్టెన్ రాడ్లకు వేసిన స్టీల్ మరలు కూడా గోధుమరంగు కన్నీళ్లు పెట్టుకున్నాయి. స్టీల్ అంటే అన్నీ ఒకటి కాదు. 304 రకం ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది. 316 రకంలో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం కలుపుతారు, అది చాలా మేలు. మరమ్మతుకు మనిషి కావాలంటే సందడి ఊరి నుంచే రావాలి. ఒక్క మర బిగించడానికి అంత దూరం ఎవరు వస్తారు? నాలుగైదు పనులు పోగయ్యేదాకా ఆగేవాళ్లం.

ఉప్పుగాలి గారూ, మీ పేరులోనే అంతా ఉంది :)

చుక్కాని
తెరచాప గారు చెప్పింది నిజమే గానీ, అది నిశ్శబ్దానికి వచ్చిన తుప్పు కాదు, 80 మీటర్లకు వచ్చిన తుప్పు. అలలు విరిగి నురుగు లేచినప్పుడు బుడగలు పగిలి సన్నటి ఉప్పు తుంపరలు గాలిలోకి ఎగురుతాయి. ఒడ్డు దగ్గర ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ త్వరగా తగ్గిపోతాయి. ఇంకోటి, నేరుగా అలలు కొట్టే పొడుగాటి తీరం వేరు, కొండ చాటున్న రేవు వేరు. రేవులో అలలు విరగవు, తుంపర తక్కువ. అంటే ఉప్పుగాలి గారు చెప్పిన రెండిట్లో ప్రశాంతమైన ఊళ్లోనే తుప్పు ఎక్కువ అయ్యే అవకాశం ఉంది. ఏ ఊరైనా రెండు మూడు వీధుల వెనక్కి చూసుకోండి.

తెరచాప72
ఒప్పుకుంటున్నాను. మేం ఒడ్డు కనబడాలని పట్టుబట్టి తీసుకున్నాం. కనబడింది. అది కూడా మమ్మల్ని బాగానే చూసింది.

రాత్రిడ్యూటీ
నేను నర్సుని. అత్తయ్యగారికి 76 అన్నారు, ఎవరూ ఆ మాట పట్టుకోలేదు. పక్షవాతం గడ్డ వల్ల వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు కనబడ్డ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆ లోపు కూడా ఎంత ముందైతే అంత మంచిది. 40 కిలోమీటర్లు అంటే పగలు ముప్పావు గంట. కానీ లెక్క పెట్టాల్సింది అంబులెన్సు వచ్చే టైమూ, వెళ్లే టైమూ, స్కానింగ్ టైమూ కలిపి. పైగా గాలివాన రాత్రి చెట్టు పడితే? ఒకటే రోడ్డు అయితే?

మా నాన్న ఉన్నది అలాంటి ఊళ్లోనే. తెల్లవారుజామున మూతి వంకరపోయింది. బండి రావడానికి గంటన్నర. దగ్గర్లోని ఆసుపత్రిలో స్కానింగ్ లేదని ఇంకో చోటికి పంపారు. బతికారు, కుడి చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. దీనికి ఊరు తప్పని అనను. మేం ఇల్లు చూసినప్పుడు ఇది అడగలేదు, అదే నా బాధ. మీరు వెళ్లాలనుకునే ఆసుపత్రిలో రాత్రి స్కానింగ్ ఉందా, డాక్టరు ఉంటారా, ఫోన్ చేసి కనుక్కోండి. భవనం ఉంది కదా అనుకోకండి.

ఉప్పుగాలి
రాత్రిడ్యూటీ గారూ, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. అత్తయ్యకు బీపీ ఉంది. రేపే ఫోన్ చేస్తాను.

లంగరు
నాన్నగారి గురించి బాధగా ఉంది. నా మొదటి మాట కాస్త తొందరపడి అన్నదే. మాది ఇద్దరం ఉండే ఇల్లు, పెద్దవాళ్లు లేరు.

నత్తగుల్ల
నేను సందడి ఊరి వాడిని, అక్కడే పుట్టాను. నన్నడిగితే 'సందడి' అనే మాటనే విడదీసి చూడాలి. ఎవరి సందడి? వచ్చిపోయేవాళ్లదా, ఉండేవాళ్లదా?

వెనిస్ పాత నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవాళ్లు. 2022కి 50,000 కంటే తగ్గిపోయారు. వీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం, కానీ అక్కడ కాపురం ఉండేవాళ్లు లేరు. బార్సిలోనా 2024లో ఏం ప్రకటించిందో చూడండి, పర్యాటకులకు అద్దెకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత ఉంచబోమని. ఉండేవాళ్లకు ఇళ్లు దొరకని స్థితి వస్తేనే కదా ఒక నగరం అంత దూరం వెళ్లేది.

మా ఊళ్లో మేకులు, బల్బులు అమ్మే కొట్టు పోయి బొమ్మల కొట్టు వచ్చింది. చెప్పులు కుట్టే ఆయన చోటులో ఐస్‌క్రీమ్ బండి. చూడ్డానికి కళకళలాడుతుంది. బల్బు కావాలంటే మాత్రం పక్క ఊరికి పోవాలి. కాబట్టి అక్కా, అక్కడ దుకాణాలు ఎన్ని ఉన్నాయని కాదు, ఏం అమ్ముతున్నారో చూడండి.

పాతరేడియో
నత్తగుల్లా, మంచి మాట. దీన్నే తిరగేసి ప్రశాంతమైన ఊరికీ అడగాలి. అది ఎందుకు ప్రశాంతంగా ఉంది? జనం నెమ్మదస్తులు కాబట్టా, జనమే లేరు కాబట్టా?

ఇంగ్లండ్ తీరంలో సెయింట్ ఐవ్స్ అనే ఊరుంది. 2016లో ఓటు పెట్టి, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే కాపురం ఉండేవాళ్లకే ఇవ్వాలని తేల్చుకున్నారు. నూటికి ఎనభై మందికి పైగా ఒప్పుకున్నారు. సెలవు ఇళ్లు పెరిగిపోయి, మిగతా రోజుల్లో వీధులకు వీధులు తాళాలు వేసి ఉంటే ఆ బెంగ ఎలాంటిదో అక్కడివాళ్లకు తెలుసు. నేను ఇల్లు వెతికినప్పుడు ఒక పని చేశాను. సీజన్ కాని రోజు, రాత్రి ఎనిమిదింటికి, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, దీపం వెలిగే కిటికీలు లెక్కపెట్టాను. 34 ఇళ్లకు ఐదు. ఆ ఊరు వదిలేశాను. పక్క ఊళ్లో 20కి 17. అక్కడే ఆరేళ్లుగా ఉన్నాను, అదీ ప్రశాంతమైన ఊరే.

పిచ్చుకగూడు
కిటికీలు లెక్కపెట్టే పని నాకు చాలా నచ్చింది. ఎవరైనా ఆపి అడగలేదా, ఏం లెక్కపెడుతున్నావని?

పాతరేడియో
అడిగారు. నిజం చెప్పాను. ఆయన నాతోపాటు నడిచి, ఏ ఇంట్లో ఎవరుంటారో చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మా పక్కింటాయన ఆయనే.

మేడమీదగది
పిల్లలున్న ఇల్లు కాదు కాబట్టి ఎవరూ అనలేదేమో. మా అమ్మాయికి 15 ఏళ్లప్పుడు ప్రశాంతమైన ఊరికి మారాం. చివరి బస్సు ఏడున్నరకి. స్నేహితులంతా 20 కిలోమీటర్ల అవతల. రెండేళ్లు మేం తనకు డ్రైవర్లమే. ఆ రెండేళ్లలో కారులో మేం మాట్లాడుకున్నంత అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అది వేరే సంగతి.

చుక్కాని
నీళ్ల గురించి ఒక మాట. తీరంలో భూమి లోపల మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుందని లెక్క. దాన్నే తిరగేస్తే, బోర్లతో తోడేసి మట్టం ఒక్క మీటరు తగ్గిస్తే, కింద నుంచి ఉప్పునీరు క్రమంగా 40 మీటర్లు పైకి రాగలదు. సీజన్‌లో జనం రెట్టింపయ్యే ఊళ్లో అందరూ ఒకేసారి తోడతారు. అందుకే సందడి ఊళ్లో బోరు మీద ఆధారపడే ఇల్లయితే, ఎండలు ముదిరాక వెళ్లి నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. వానలప్పుడు చూస్తే అన్ని బోర్లూ తియ్యగానే ఉంటాయి.

ఉప్పుగాలి
సందడి ఊళ్లో కుళాయి నీళ్లు ఉన్నాయట. ప్రశాంతమైన ఊళ్లోనే బోరు. రాసుకున్నాను. నా నోట్‌బుక్కులో ప్రశ్నలు మూడో పేజీకి వచ్చాయి.

ఇసుకమేట
ఒడ్డు కోత రాసుకోండి. ఫ్రాన్స్‌లో సులాక్ తీరంలో 'ల సిన్యాల్' అనే అపార్ట్‌మెంట్ 1967లో కట్టినప్పుడు సముద్రం 200 మీటర్ల దూరంలో ఉండేది. 2014లో అందరినీ ఖాళీ చేయించారు, 2023లో కూలగొట్టారు. తుపాను వచ్చి ఒక్క రాత్రిలో మింగలేదు, ఏటా కొంచెం కొంచెం ఇసుక పోయింది. ఊళ్లో ముసలివాళ్లను అడగండి, మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవి అని. వేలుపెట్టి చూపిస్తారు. అమావాస్యకో పౌర్ణమికో పోటు ఎక్కువ, ఆ రోజు వెళ్లి తడి గీత ఎక్కడుందో చూసుకోండి.

సాయంకాలం
ముసలివాళ్లను అడగండి అన్నందుకు గుర్తొచ్చింది. 2004 డిసెంబరు 26 సునామీలో భూకంప కేంద్రానికి దగ్గర్లోనే ఉన్న ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపంలో చనిపోయింది ఏడుగురే. 1907లో వచ్చిన అలను తాతలు కథగా, పాటగా చెప్పుకుంటూ వచ్చారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి వెళ్తే, సామాను చూడకుండా గుట్ట ఎక్కమని. జనం ఎక్కారు. ప్రశాంతమైన ఊళ్లో ఇలాంటి జ్ఞాపకం నిలుస్తుంది. సందడి ఊళ్లో వీధిలో సగం మంది నిన్న వచ్చినవాళ్లే.

నత్తగుల్ల
సాయంకాలం గారూ, ఆ ద్వీపం గురించి సరే, కానీ సందడి ఊళ్లో ఎవరికీ ఏం తెలియదనడం సరికాదు. మా రేవులో పడవలవాళ్లు ఐదు తరాలుగా ఉన్నారు. మబ్బు చూసి తాళ్లు బిగిస్తారు. సైరన్, ఎత్తైన చోటికి దారి బోర్డులు కూడా ఉన్నాయి. రెండు ఊళ్లలోనూ అడగాల్సింది ఒకటే, ఇంటి నుంచి ఎత్తైన చోటికి అత్తయ్యగారు ఎన్ని నిమిషాల్లో నడవగలరు అని.

సాయంకాలం
నిజమే, అది తొందరపాటు మాట. వెనక్కి తీసుకుంటున్నాను.

అరటిదోనె
ఇన్ని పోస్టులు చదివాను. అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా?

ఉప్పుగాలి
లేదు. అడగలేదు. ఇది రాస్తుంటే చాలా సిగ్గుగా ఉంది.

ఉప్పుగాలి
అడిగాను. సముద్రం గురించి ఒక్క మాట కూడా అడగలేదు ఆవిడ. గుమ్మం నుంచి రోడ్డుకు ఎన్ని మెట్లు? దారిలో కూర్చోడానికి అరుగో బల్లో ఉందా? పొద్దున్నపూట ఎవరైనా అటుగా వెళ్తుంటారా? ఈ మూడే. "మీరిద్దరూ పనిలో ఉంటారు కదమ్మా, నేను చూసుకోవడానికి నాకేదైనా ఉండాలి" అన్నారు.

పిచ్చుకగూడు
ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

లంగరు
ఇప్పుడు సీజన్ కాదు కాబట్టి రెండు ఊళ్లలోనూ వారం పది రోజులు అద్దెకు ఉండి చూడండి. ముగ్గురూ వెళ్లండి. సెలవులా కాదు, బట్టలు ఉతుక్కుంటూ, మీ ఆయన పని చేసుకుంటూ.

తెరచాప72
లంగరు గారి మాటకు నా ఓటు. గాలి ఎక్కువున్న రోజులైతే ఇంకా మంచిది.

ఉప్పుగాలి
ఐదు వారాల తర్వాత వస్తున్నాను. రెండు చోట్లా ఉండి వచ్చాం.

ముందు ప్రశాంతమైన ఊరు, పది రోజులు. మొదటి రెండు రాత్రులూ మా ఆయనకు నిద్ర లేదు. అలల హోరు! పగలు గంటసేపు నిలబడి విన్నప్పుడు హాయిగా ఉన్న చప్పుడు, రాత్రి రెండింటికి గాలితో కలిసి కిటికీ తలుపుల్ని ఊపుతుంటే లారీలు పోతున్నట్టుంది. నేను మాత్రం హాయిగా పడుకున్నాను. భయపడ్డది నేను, మేలుకున్నది ఆయన. నాలుగో రోజు గాలివానకు కరెంటు పోయి 14 గంటలు రాలేదు. చీకటి పడగానే మూడిళ్ల అవతలావిడ లాంతరు పట్టుకుని వచ్చి, "పెద్దావిడ ఉన్నారు కదా" అంటూ మా గుమ్మంలో పెట్టి వెళ్లింది. పేరైనా చెప్పలేదు. పాతరేడియో గారూ, కిటికీలు లెక్కపెట్టాం. 40కి 11. ఆ 11 ఇళ్లవాళ్లు బంగారంలాంటి మనుషులు. కానీ పొద్దున్న అత్తయ్య గుమ్మంలో కూర్చుంటే, మధ్యాహ్నం దాకా ఆ దారిన వెళ్లింది ఇద్దరు మనుషులు, ఒక కుక్క.

సందడి ఊళ్లో వారం. నత్తగుల్ల చెప్పినట్టు ఏం అమ్ముతున్నారో చూశాను. బల్బులు, మేకులు దొరుకుతాయి, చెప్పులు కుట్టే ఆయన కూడా ఉన్నాడు! ఒడ్డు నుంచి నాలుగో వీధి, కొంచెం ఎత్తు మీద ఇల్లు. గుమ్మానికి రెండు మెట్లు, ఎదురుగా సిమెంటు బల్ల. తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకు జనం ఆ దారినే రేవుకు దిగుతారు. మూడో రోజుకి అత్తయ్య, "నిన్న నీలం లుంగీ ఆయన వచ్చాడు, ఇవాళ రాలేదు, ఒంట్లో బాలేదేమో" అంటున్నారు. రాత్రి తొమ్మిదింటికి వీధి సద్దుమణిగింది. ఆసుపత్రిలో రాత్రి కూడా స్కానింగ్ ఉందని వెళ్లి కనుక్కున్నాను.

సందడి ఊరే అనుకుంటున్నాం. మా ఆయన కాస్త బాధపడ్డారు, కానీ ఆయనే ముందు అన్నారు.

పిచ్చుకగూడు
చాలా సంతోషం. కానీ ఒక్కటి, రాత్రి తొమ్మిదింటి నిశ్శబ్దం సీజన్ కాని రోజులది. సీజన్‌లో ఆ వీధి ఎలా ఉంటుందో మీరు వినలేదు. కొనేయకండి.

ఉప్పుగాలి
కొనడం లేదు. ఏడాది అద్దె. ఒక సీజన్ మొత్తం చూశాకే ఆలోచిస్తాం. పడకగది వెనకవైపు ఉన్నదే ఎంచుకున్నాం, అది మీ గ్లాసు నీళ్లు గుర్తొచ్చే.

చుక్కాని
ఒడ్డుకు నాలుగు వీధుల వెనక కావడం కూడా కలిసొస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, ఒడ్డు మీది చప్పుడు ఎదురుగాలికి మీ వరకు కొంచెం తక్కువే వస్తుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి.

లంగరు
మీ ఆయనకు చెప్పండి, 40 కిలోమీటర్లే. వెళ్లి చూసి రావచ్చు.

ఉప్పుగాలి
ఇప్పటికే వెళ్తున్నారు. మొన్న ఆదివారం లాంతరు తిరిగివ్వడానికి వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. ఆవిడ పేరు కూడా కనుక్కుని వచ్చారు.

తెరచాప గారూ, ఇంటాయన తలుపులకు కొత్త మడతబందులు వేయిస్తానన్నాడు. 316 అని అడగమంటారా, ఇత్తడివి చాలా?

తెరచాప72
నాలుగో వీధి అంటున్నారు కాబట్టి మంచి ఇత్తడివి చాలు. మరలు కూడా ఇత్తడివే వేయించండి. ఇత్తడి బందుకు ఇనప మర వేస్తే ఉప్పు చెమ్మకు ముందు ఆ మరే పోతుంది. వీధి తాళానికి నెలకోసారి నూనె చుక్క మర్చిపోవద్దు.